వేటపాలెంలో దాచిన పత్రికలు

1918లో వేటపాలెంలో మొదలైన సారస్వత నికేతనం గ్రంథాలయ భవనానికి 1929లో గాంధీజీ శంకుస్థాపన చేశారు. అది చెప్పుకోదగ్గ ఘట్టమే. కానీ పరిశోధకులను అక్కడికి రప్పించేది దశాబ్దాల నాటి పత్రికల సంపుటాలు. వచ్చిన సంచికను తేదీల వారీగా పేర్చడం, బైండు చేయించడం, చెదలు పట్టకుండా చూడటం: ఏ రోజుకారోజు చూస్తే ఇవి చిన్న పనులే. ఒక్క నెల అశ్రద్ధ చేస్తే మాత్రం ఆ నెల చరిత్రకు దక్కదు. ఈ పనిలోని తృప్తికి ఎవరి మెప్పూ అక్కర్లేదు; సాయంత్రానికి పని సరిగ్గా అయిందో లేదో చేసినవారికే తెలుస్తుంది.

ఈ మాట పేరు రానివారికి ఊరడింపు మాత్రమేనని ఎవరైనా అనవచ్చు. తృప్తి పేరు చెప్పి జీతం తగ్గించే చోట ఆ విమర్శ ముమ్మాటికీ నిజం. గ్రంథపాలకుడికి తగిన వేతనం ఇవ్వాల్సిందే. అయితే పేరు కోసమే పనిచేసేవారైతే, ఎవరూ అడగని ఏళ్లలో ఆ సంపుటాల దుమ్ము దులిపి ఉండేవారు కాదు.