కంప్యూటర్‌లో పిసంక: గుడ్డు మీద గీతలు వంగేదెలా?

నెట్‌లో దొరికే గుడ్డు బొమ్మ ఒకటి తీసుకుని, దాని మీద ఏదో పూల డిజైన్ అతికించి చూడండి. రెండు నిమిషాల పని. కానీ వచ్చేది మాత్రం గుడ్డు ఆకారంలో కత్తిరించిన గిఫ్ట్ పేపర్‌లా ఉంటుంది. గీతలు వంగవు, అంచుల దగ్గర పూలు సన్నబడవు, పైకొస దగ్గర ఏ గీతా ఇంకో గీతతో కలవదు. ఈ మూడూ సరిచేయడానికి ఖరీదైన సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. ఉచితంగా దొరికే జింప్, ఇంటర్‌లో నేర్చుకున్న సైన్ విలువలు ఉంటే చాలు. కాకపోతే ముందు గుడ్డు మీద చేత్తో వేసేవాళ్లు ఎలా ఆలోచిస్తారో తెలుసుకోవాలి.

అలా వేసేవాళ్లలో బాగా పేరున్నది ఉక్రెయిన్ వాళ్లకి. ఈస్టర్ సమయంలో వాళ్లు తయారుచేసే రంగుల గుడ్డుని పిసంక అంటారు. వాళ్ల భాషలో ‘రాయడం’ అనే మాట నుంచి వచ్చిన పేరు అది. అంటే గుడ్డు మీద బొమ్మ వేయరు, రాస్తారు! మన శ్రీకాళహస్తి కలంకారీ పేరులో కలం ఉన్నట్టే అన్నమాట. ఉక్రెయిన్‌లోని కొలొమియా ఊళ్లో పిసంకల కోసమే ఒక మ్యూజియం ఉంది, ఆ భవనం కూడా గుడ్డు ఆకారంలోనే కట్టారు. 2024లో యునెస్కో ఈ కళని సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది.

పద్ధతి ఇలా ఉంటుంది. చిన్న గరాటు ఉన్న కలం లాంటి పనిముట్టుతో, కరిగించిన తేనెమైనాన్ని గుడ్డు మీద గీతలుగా పెడతారు. మైనం ఉన్నచోట రంగు అంటదు. తెల్లగా మిగలాల్సిన గీతల మీద ముందు మైనం పెట్టి, గుడ్డుని పసుపు రంగులో ముంచుతారు. తర్వాత పసుపుగా మిగలాల్సిన చోట మైనం పెట్టి ఎరుపులో, ఆ తర్వాత ఎరుపుగా మిగలాల్సిన చోట పెట్టి నలుపులో ముంచుతారు. చివరికి కొవ్వొత్తి మంట పక్కన పెట్టి, కరిగిన మైనాన్ని తుడిచేస్తే రంగులన్నీ ఒక్కసారిగా బయటపడతాయి. లేత రంగు నుంచి ముదురు రంగుకే ప్రయాణం, వెనక్కి దారి లేదు. గీత తప్పితే కంట్రోల్ జెడ్ ఉండదు. అందుకే అసలు గుడ్డు ముట్టుకునే ముందు స్క్రీన్ మీద ఒక ప్లాన్ వేసుకోవడం మంచిది. ఇప్పుడు ఆ ప్లాన్ వేద్దాం.

మొదటిది ఆకారం. చాలామంది ఒక ఎలిప్స్ గీసి, పర్‌స్పెక్టివ్ టూల్‌తో పైభాగం నొక్కుతారు. అలా చేస్తే గుడ్డు రాదు. ఎలిప్స్‌ని పర్‌స్పెక్టివ్‌లో ఎంత లాగినా మళ్లీ ఇంకో ఎలిప్సే వస్తుంది, ఇది జామెట్రీ. అసలైన దారి వేరే ఉంది. 1000 × 1200 పిక్సెళ్ల కాన్వాస్ తీసుకోండి. ఎలిప్స్ సెలెక్ట్ టూల్ ఆప్షన్లలో పొజిషన్ 200, 230 అని, సైజు 600 × 940 అని ఇవ్వండి. దాని నడుము 700 దగ్గర ఉంటుంది. ఇప్పుడు రెక్టాంగిల్ సెలెక్ట్‌ని సబ్‌ట్రాక్ట్ మోడ్‌లో పెట్టి, 700 నుంచి కిందిదంతా తీసేయండి. మళ్లీ ఎలిప్స్ టూల్‌ని యాడ్ మోడ్‌లో పెట్టి, పొజిషన్ 200, 400, సైజు 600 × 600 ఇవ్వండి. కింద అరవృత్తం, పైన సాగిన ఎలిప్స్, నడుము దగ్గర అతుకు కనబడదు. వెడల్పు 600, ఎత్తు 770 వస్తుంది. ఈ సెలెక్షన్‌ని ఛానెల్‌గా సేవ్ చేసుకోండి, పదేపదే అవసరం పడుతుంది.

రెండోది నిలువు గీతలు. అసలు కిటుకంతా ఇక్కడే ఉంది. పిసంక రాసేవాళ్లు ముందు గుడ్డుని సమభాగాలుగా విడగొట్టుకుంటారు, మనం ముగ్గుకి ముందు చుక్కలు పెట్టుకున్నట్టు. చుట్టూ 16 భాగాలు చేశామనుకోండి. ఒక్కోటి 22.5 డిగ్రీలు, ముందు వైపు నుంచి 8 కనబడతాయి. 600 పిక్సెళ్లని ఎనిమిదితో భాగించి ఒక్కోదానికి 75 ఇచ్చారా, మళ్లీ గిఫ్ట్ పేపరే! గుండ్రటి వస్తువులో మధ్య భాగం మనకి ఎదురుగా ఉంటుంది, పక్క భాగం మన నుంచి తిరిగిపోతుంది. కాబట్టి మధ్య నుంచి ప్రతి గీత దూరం, సగం వెడల్పుని ఆ కోణం సైన్‌తో గుణిస్తే వచ్చేది. 300తో లెక్కవేస్తే 115, 212, 277, 300. అంటే పట్టీల వెడల్పులు మధ్య నుంచి అంచుకి 115, 97, 65, 23. చివరి పట్టీ మధ్యదానిలో ఐదో వంతే!

ఇవి నడుము దగ్గర లెక్కలు. మరి పైనా కిందా? అక్కడ లెక్క అక్కర్లేదు. ఎదురుగా చూసినప్పుడు ప్రతి నిలువు గీతా గుడ్డు అంచునే అడ్డంగా నొక్కితే వచ్చే ఆకారం. గుడ్డు సెలెక్షన్‌ని కొత్త లేయర్ మీద స్ట్రోక్ చేసి, క్రాప్ టు కంటెంట్ ఇచ్చి, మూడు కాపీలు తీయండి. స్కేల్ లేయర్‌లో గొలుసు గుర్తుని విడదీసి, ఎత్తు కదపకుండా వెడల్పులు మాత్రం 554, 424, 230 చేయండి. అన్నీ ఒకే మధ్యగీత మీదకి తెచ్చి, ఆ మధ్యలో ఒక నిలువు గీత గీస్తే సరి. గీతలన్నీ రెండు కొసల దగ్గరా వాటంతట అవే కలుస్తాయి. అడ్డగీతలు మాత్రం తిన్నగానే ఉంచండి, ఎదురు నుంచి చూస్తున్నాం కాబట్టి అదే సరైనది.

మూడోది డిజైన్. త్రికోణాలతో మొదలుపెట్టడం తేలిక. నిలువు, అడ్డగీతలు కలిసే చోట్లని కలుపుకుంటూ పోతే త్రికోణం దానంతటదే సరైన కొలతలో పడుతుంది. పిసంకల్లో ‘నలభై త్రికోణాలు’ అనే పేరుతో ఒక పాత డిజైనే ఉంది. సూర్యుడు, గోధుమ వెన్ను, పొట్టేలు కొమ్ములు కూడా తరచూ కనిపిస్తాయి. ఇలాంటివాటిని మధ్య పట్టీలో గీసి, పక్క పట్టీలకి వెడల్పుని వరసగా 84, 57, 20 శాతానికి తగ్గించి కాపీ చేయండి. కొసల దగ్గర తేడా వస్తే వార్ప్ టూల్‌తో కొద్దిగా సర్దండి.

నాలుగోది రంగు. ఇక్కడ లేయర్లని మైనంలా వాడాలి. అన్నిటికన్నా కింద నలుపు, దాని మీద ఎరుపు, ఆపైన పసుపు, అన్నిటికన్నా పైన తెలుపు. ముందు మైనం పెట్టింది పైలేయర్, చివర ముంచింది కిందిలేయర్. ఈ నాలుగు రంగులు దాటకండి. స్క్రీన్ మీద లక్షల రంగులు దొరుకుతాయి గానీ, పిసంకకి ఆ అందం వచ్చింది ఈ కట్టుబాటు వల్లే. పైగా ఆ వరస తప్పితే మీ ప్లాన్‌తో అసలు గుడ్డు రాయలేరు.

చివరగా వెలుగు. డిజైన్ పైన ఒక లేయర్‌ని మల్టిప్లై మోడ్‌లో పెట్టి, ఎడమ పైభాగం నుంచి తెలుపు–బూడిద రేడియల్ గ్రేడియంట్ లాగండి. సేవ్ చేసుకున్న ఛానెల్‌తో బయటి భాగం చెరిపేయండి. పైన చిన్న తెల్ల మెరుపు, కింద మసక నీడ పెడితే గుడ్డు లేచి కూర్చుంటుంది.

ఇదంతా సాఫ్ట్‌వేర్ గొప్పతనం అనుకునేవాళ్లు కెనడాలోని వెగ్రెవిల్ గురించి తెలుసుకోవాలి. ఉక్రెయిన్ నుంచి వలస వెళ్లినవాళ్లు స్థిరపడిన ప్రాంతమది. అక్కడ 25.7 అడుగుల పొడవు, 18 అడుగుల వెడల్పు ఉన్న అల్యూమినియం పిసంక ఉంది. దాని రూపకర్త రోనాల్డ్ రెష్, యూటా యూనివర్సిటీ కంప్యూటర్ సైన్స్ ప్రొఫెసర్. 2,208 త్రికోణాలు, 524 నక్షత్రాలు కలిపి, చదునైన పలకలతో గుడ్డు వంపు తెచ్చారు. అది నిలబడింది 1975లో. ఫొటోషాప్ మొదటి వెర్షన్ వచ్చింది 1990లో. అంటే మెనూలూ ఫిల్టర్లూ లేని రోజుల్లోనే ఆ వంపు లెక్కకి లొంగింది.

మన దగ్గర ఇప్పుడు పనిముట్లు ఉచితం, సైన్ టేబుల్ ఎలాగూ కంఠతా వచ్చు. ప్లాన్ పూర్తయ్యాక ప్రింట్ తీసి పక్కన పెట్టుకుని, ఒక నిజం గుడ్డు, ఒక పెన్సిల్ పట్టుకోండి. ముందు ఆ పదహారు గీతలు గీయండి. స్క్రీన్ మీద సైన్‌తో లెక్కకట్టిన వంపు అక్కడ మీ వేలి కింద తగులుతుంది.