3.2 మిల్లీమీటర్ల రంధ్రంలోంచి మెదడులోకి లేజర్

పసిబిడ్డ ఉన్నట్టుండి నవ్వుతుంది. నవ్వించినవాళ్లు ఎవరూ ఉండరు, ముఖంలో సంతోషమూ కనిపించదు. కొన్ని సెకన్లలో ఆగి, కాసేపటికి మళ్లీ మొదలవుతుంది. ఇంట్లోవాళ్లు మురిసిపోతారే గానీ అది ఫిట్స్ అని అనుకోరు. మెదడు అడుగున హైపోథాలమస్‌ను అంటుకుని పుట్టుకతోనే ఉండే హమార్టోమా అనే గడ్డ దీనికి మూలం. క్యాన్సర్ కాదు. ఫిట్స్ తెచ్చే ఈ గడ్డ సుమారు 2 లక్షల మంది పిల్లల్లో ఒకరికి ఉంటుందని అంచనా.

మందులకు ఇది అంతగా లొంగదు. పుర్రె తెరిచి తీద్దామంటే చూపు నరాలు, పిట్యూటరీ, జ్ఞాపకశక్తికి సంబంధించిన తంతువులు అన్నీ ఆ చుట్టుపక్కలే. అందుకే లేజర్. అమెరికాలో ఒక లేజర్ పరికరానికి 2007లో అనుమతి వచ్చింది. హ్యూస్టన్‌లోని టెక్సాస్ చిల్డ్రన్స్ ఆసుపత్రిలో డాక్టర్ డేనియల్ కర్రీ బృందం దాన్ని పిల్లల మూర్ఛకు వాడి, తొలి ఐదుగురి ఫలితాలను 2012లో ప్రచురించింది.

మత్తు ఇచ్చి పుర్రెకు 3.2 మి.మీ. రంధ్రం వేస్తారు. అందులోంచి 1.65 మి.మీ. గొట్టం గడ్డదాకా వెళ్తుంది. గొట్టంలో లేజర్ ఫైబర్, దాని చుట్టూ చల్లబరిచే సెలైన్. ఆపైన బిడ్డ ఎమ్మారైలోకి. మెదడులో వేడిని కొలిచేది థర్మామీటర్ కాదు, ఎమ్మారైయే. ఒక్కో డిగ్రీ పెరిగేకొద్దీ నీటిలోని హైడ్రోజన్ ఫ్రీక్వెన్సీ సుమారు పది కోట్లలో ఒక వంతు జరుగుతుంది. యంత్రం దాన్ని పట్టుకుని తెరమీద రంగులుగా చూపిస్తుంది. సర్జన్ ముందే హద్దులు పెడతారు: కాపాడాల్సిన నరం అంచున 50 డిగ్రీలు, లేజర్ మొన దగ్గర 90. ఏ హద్దు దాటినా లేజర్ దానంతటదే ఆగిపోతుంది. కాల్చేది నిమిషాలే, గంటలన్నీ గురి కుదర్చడానికే పోతాయి. ఈ ఉష్ణోగ్రత లెక్క తప్పే ప్రమాదం ఉందని అమెరికా ఎఫ్‌డీఏ 2018లో హెచ్చరించింది కూడా.

ఫలితాలు? కర్రీ బృందం 2018లో 71 మంది వివరాలు ఇచ్చింది. ఏడాది తర్వాత 93 శాతం మందికి నవ్వు ఫిట్స్ లేవు. మంచి సంఖ్యే, కానీ అది నవ్వు ఫిట్స్ సంగతి మాత్రమే. మిగతా రకాల ఫిట్స్ లెక్క వేరు. 23 శాతం మందికి ఒకసారికి మించి లేజర్ చేయాల్సి వచ్చింది. జ్ఞాపకశక్తి తగ్గడం, బరువు పెరగడం, హార్మోన్లు, సోడియం అదుపు తప్పడం వంటి ముప్పులూ ఉన్నాయి. రంధ్రం చిన్నదైనంత మాత్రాన ఆపరేషన్ చిన్నది కాదు.

నన్ను ఎక్కువ కలవరపెట్టేది, ఏ రకం మూర్ఛకైనా, ఆపరేషన్ దాకా రావడంలో జరిగే ఆలస్యం. 2000లో వెలువడిన గ్లాస్గో అధ్యయనంలో మొదటి మందుతో 47 శాతం, రెండోదానితో మరో 13 శాతం మందికి మూర్ఛ ఆగింది. ఆ తర్వాత ఎన్ని మందులు మార్చినా కలిసొచ్చింది 4 శాతమే. మరోవైపు, ఢిల్లీ ఎయిమ్స్ 2017లో మందులకు లొంగని మూర్ఛ ఉన్న 116 మంది పిల్లల ఫలితాలు ప్రకటించింది. ఆపరేషన్ అయినవారిలో ఏడాదికి 77 శాతం మందికి ఫిట్స్ లేవు. మందులతోనే ఉన్నవారిలో 7 శాతం మందికే. అవి లేజర్లు కావు, మామూలు ఆపరేషన్లే.

రెండు మందులు సరిగ్గా వాడినా ఫిట్స్ ఆగకపోతే, బిడ్డను మూర్ఛ ఆపరేషన్లు చేసే కేంద్రంలో చూపించండి. ఇలాంటి కేసులు ఏడాదికి ఎన్ని చేస్తారో అక్కడ మొహమాటం లేకుండా అడగండి.