“లాస్ట్ మ్యాచ్ రా” అని ఎందుకు ఆగలేం? ఆన్‌లైన్ గేమ్స్, మన టైమ్

ఈ మధ్య మీలో చాలామంది నన్ను అడుగుతున్న ప్రశ్న ఒకటుంది. “బ్రో, జాబ్ చేస్తూ గేమింగ్ ఎలా మేనేజ్ చేయాలి? రోజుకి ఎన్ని గంటలు ఆడితే ఓకే?” అసలు ఈ గంటల లెక్క దగ్గరే మనం తప్పు చేస్తున్నాం అని నాకనిపిస్తుంది. ఎందుకో చెప్పాలంటే ముందు నా సంగతి ఒకటి చెప్పాలి. చెప్పుకోవడానికి కొంచెం సిగ్గుగానే ఉంది.

2021 చివర్లో అన్నమాట. వర్క్ ఫ్రమ్ హోమ్, ఎల్బీనగర్‌లో అప్పుడే మారిన కొత్త రూమ్. రాత్రి 9:30 అయితే మా స్క్వాడ్ రెడీ. నలుగురం బీటెక్ బ్యాచ్‌మేట్స్‌మి. ఒకడు బెంగళూరు, ఒకడు వైజాగ్, ఒకడు డల్లాస్‌లో ఎంఎస్. మనకి రాత్రి 9:30 అంటే వాడికి పొద్దున 10. వాడు క్లాస్ ఎగ్గొట్టి ఆడేవాడు, నేను నిద్ర మానేసి ఆడేవాణ్ని.

ఒకరోజు ఖమ్మం నుంచి నాన్న వస్తున్నారు. బియ్యం, పచ్చళ్లు పట్టుకుని సాయంత్రం బస్సెక్కారు. “10 అవుతుంది రా దిగేసరికి, ఫోన్ చేస్తా” అన్నారు. నేను 9:30కి మ్యాచ్ స్టార్ట్ చేశాను. అరగంటలో అయిపోతుంది, బండి మీద ఐదు నిమిషాల్లో వెళ్లిపోవచ్చు అని నా లెక్క. ఆ మ్యాచ్‌లో చివరి సర్కిల్ దాకా వెళ్లి పోయాం. “ఛ, ఇంకొక్కటి రా మామా” అని ఎవడో అన్నాడు, మళ్లీ స్టార్ట్ అయిపోయింది. కాల్ వస్తే గేమ్ మధ్యలో మైక్ కట్ అవుతుందని నేనే ఫోన్‌లో గేమ్ మోడ్ పెట్టి కాల్స్ బ్లాక్ చేసుకున్నాను. మ్యాచ్ అయ్యాక టైమ్ చూస్తే 10:50. ఏడు మిస్డ్ కాల్స్.

వెళ్లేసరికి మూసేసిన షాపు మెట్ల మీద, బియ్యం మూట పక్కన కూర్చుని ఉన్నారు. కోప్పడలేదు. “పని ఎక్కువైందేమో అనుకున్నా రా” అన్నారు. “అవును నాన్నా” అన్నాను.

ఇక్కడ గమనించండి, ఆ రోజు నేను ఆడింది గంటన్నర కూడా లేదు. ఏ లెక్కలో చూసినా అది ఎక్కువేం కాదు. అయినా దెబ్బ పడింది. ఎక్కడ పడిందో చూద్దాం.

మనం చిన్నప్పుడు టీవీకి క్యాసెట్ పెట్టి కాంట్రా ఆడాం, నెట్ సెంటర్లో వైస్ సిటీ ఆడాం. అమ్మ అన్నానికి పిలిస్తే పాజ్ నొక్కి వెళ్లేవాళ్లం. గేమ్ అక్కడే ఆగి మన కోసం ఎదురుచూసేది. ఆన్‌లైన్ మ్యాచ్‌లో అది కుదరదు. బీజీఎంఐ క్లాసిక్‌లో 100 మంది ఒకే సర్వర్ మీద ఉంటారు, మీ ఒక్కరి కోసం ఆట ఆపడం కుదరదు. పోనీ ఎంతసేపో ముందే తెలుస్తుందా అంటే అదీ లేదు. దిగీ దిగగానే చస్తే ఐదు నిమిషాలు, చివరిదాకా ఉంటే అరగంట. వాలరెంట్ తీసుకోండి, ముందు 13 రౌండ్లు గెలిచిన టీమ్ గెలిచినట్టు. 12-12 అయితే ఇంకా సాగుతుంది. మధ్యలో లేచి వెళ్తే పెనాల్టీ, పైగా మిగతా నలుగురి చేత తిట్లు. అంటే స్టార్ట్ నొక్కడం వరకే మన చేతిలో ఉంది.

ఇంకోటి, లాబీ. ఓడిపోతే “పాయింట్స్ పోయాయి, రికవర్ చేద్దాం” అంటాం. గెలిస్తే “ఫామ్‌లో ఉన్నాం, ఇప్పుడు ఆపొద్దు” అంటాం. రెండు దార్లూ వచ్చి కలిసేది స్టార్ట్ బటన్ దగ్గరే. పైగా నలుగురం ఉన్నప్పుడు, నేను లేస్తే ముగ్గురి ఆట పాడవుతుందనే మొహమాటం.

ఇది మన మనసు బలహీనత ఒక్కటే కాదండి, ఆ సీటు తయారు చేసినవాళ్లు కూడా ఉన్నారు. ఈ మాట నేను ఊరికే అనట్లేదు. అప్పట్లో నా జాబే అది. గేమ్ కాదు గానీ, ఒక యాప్‌లో “ఈరోజు లాగిన్ అవ్వకపోతే మీ స్ట్రీక్ పోతుంది” అనే నోటిఫికేషన్ కోడ్ రాసింది నేనే. మర్నాడు ఎంతమంది తిరిగొచ్చారో డ్యాష్‌బోర్డ్‌లో చూసి మురిసిపోయేవాళ్లం. పగలంతా ఆ కోడ్ రాసి, రాత్రి అలాంటి కోడ్‌కే నేను పడిపోయేవాణ్ని. డైలీ మిషన్లు, సీజన్లు, రాయల్ పాస్, అన్నీ అదే పద్ధతి. పాస్ డబ్బు పెట్టి కొన్నాక, సీజన్ అయ్యేలోపు మిషన్లు పూర్తి చేయకపోతే డబ్బు దండగ అనిపిస్తుంది. ఆడాలని లేకపోయినా లాగిన్ అవుతాం. ఆఫీస్ అయ్యాక ఇంకో షిఫ్ట్ అన్నమాట.

మరి లిమిట్ పెడితే సరిపోతుందా? బీజీఎంఐ 2023 మేలో తిరిగొచ్చినప్పుడు 18 ఏళ్ల లోపు వాళ్లకి రోజుకి 3 గంటలు, పెద్దవాళ్లకి 6 గంటలు అని పెట్టారు. ఆ 6 గంటలు ఎక్కడి నుంచి వస్తాయో చూడండి. ఆఫీస్ 9, ట్రాఫిక్‌లో 2, నిద్ర 7, మొత్తం 18. మిగిలింది సరిగ్గా 6. స్నానం, తిండి, బట్టలు, ఇంటికి ఫోన్, అన్నీ అందులోనే. కాబట్టి ఆ లిమిట్ మనల్నేం కాపాడదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ ‘గేమింగ్ డిజార్డర్’ని జబ్బుల జాబితాలో చేర్చింది, 2022 జనవరి నుంచి అది అమల్లోకి వచ్చింది. ఆ నిర్వచనంలో ఇన్ని గంటలు అనే మాటే లేదు. ఆట మీద కంట్రోల్ పోవడం, మిగతా పనులన్నిటికన్నా ఆటే ముందుకి రావడం, నష్టం జరుగుతున్నా ఆపలేకపోవడం. ఇవి మామూలుగా 12 నెలల పాటు కనిపించి, చదువో ఉద్యోగమో ఇల్లో గట్టిగా దెబ్బతింటే అప్పుడు డాక్టర్లు ఆ పేరు పెడతారు. మనలో ఎక్కువమంది అక్కడిదాకా వెళ్లరు. వెళ్లామేమో అని డౌట్ ఉంటే టెలీ మానస్ 14416కి కాల్ చేయండి. ఫ్రీ, తెలుగులో మాట్లాడొచ్చు. రమ్మీ లాంటి డబ్బు ఆటల సంగతి వేరే. 2025 ఆగస్టులో పార్లమెంటు వాటి మీద చట్టమే చేసింది, దాని గురించి విడిగా మాట్లాడదాం.

నాన్న వచ్చి వెళ్లాక నేను గేమ్ తీసేశాను. రెండుసార్లు. రెండోసారి తీసేసిన రోజుల్లోనే మా వైజాగ్ వాడికి పెళ్లి ఫిక్స్ అయింది, నాకు అందరికన్నా లేటుగా తెలిసింది. ఎందుకంటే మా నలుగురి మాటలన్నీ ఆ మైక్‌లోనే నడిచేవి. విడిగా ఫోన్ చేసి “ఏరా ఎలా ఉన్నావ్” అని అడిగే అలవాటు మగపిల్లలకి తక్కువ కదా! అందుకే “అన్‌ఇన్‌స్టాల్ చేసెయ్” అని నేను ఎవరికీ ఈజీగా చెప్పను.

ఇప్పుడు నేను చేసేది చిన్నదే. స్టార్ట్ నొక్కే ముందు ఒకటే చూసుకుంటా: వచ్చే ముప్పావుగంటలో నాతో ఎవరికైనా పని పడుతుందా? పడేలా ఉంటే క్లాసిక్ జోలికి పోను. టీడీఎం ఆడతా, పది నిమిషాల్లో అయిపోతుంది. గేమ్ మోడ్‌లో కాల్స్ బ్లాక్ తీసేశాను. బదులు డు నాట్ డిస్టర్బ్‌లో అమ్మ, నాన్న నంబర్లు వదిలాను. ఒకే నంబర్ నుంచి వెంటనే రెండోసారి కాల్ వస్తే మోగే సెట్టింగ్ కూడా ఉంటుంది, అది ఆన్ చేసుకోండి. పాస్ కొనడం మానేశాను. స్క్వాడ్ ఆట ఆదివారం పొద్దున 8కి మార్చాం. డల్లాస్‌లో అప్పుడు శనివారం రాత్రి, వాడికీ క్లాస్ గొడవ లేదు. 10కి మా బెంగళూరు వాడు పాపని పార్క్‌కి తీసుకెళ్లాలి కాబట్టి ఎవరూ ఇంకొకటి అనరు. నిజం చెప్పాలంటే, నా కంట్రోల్ కన్నా ఆ పాపే ఎక్కువ పని చేస్తోంది.

ఇంట్లో పెద్దవాళ్లు ఎవరైనా చూస్తుంటే ఒక మాట. మ్యాచ్ మధ్యలో వైఫై పీకితే పిల్లాడికి పెనాల్టీ పడుతుంది, కోపం మీ మీదకి వస్తుంది. “ఆపు” అనే బదులు “ఈ మ్యాచ్ అయ్యాక ఇంకోటి మొదలుపెట్టకు” అని ముందే చెప్పి చూడండి. ప్రతిసారీ వింటారని కాదు. కానీ అది వాళ్లు చేయగలిగిన పని.

నాన్న నా వీడియోలన్నీ చూస్తారు, కాబట్టి ఇదీ చూస్తారు. నాన్నా, ఆ రోజు పని కాదు. ఫోన్ చేస్తా, మాట్లాడదాం.

సరే అండి, నెక్స్ట్ ఎపిసోడ్ గేముల్లో లక్కీ స్పిన్‌ల గురించి. ఉంటాను.