పొలములో బయటపడిన పాత కుండలు - గుర్తించు విధము

దుక్కి దున్నునపుడో, బావి త్రవ్వునపుడో పాత కుండ బయటపడుట తెలంగాణా రైతులకు క్రొత్త గాదు. అంతటితో లంకెబిందెలు దొరకినవని వదంతి పుట్టును. రాత్రికి రాత్రి గడ్డపారలతో వచ్చి ఆ చోటెల్ల త్రవ్విపోవువారును కలరు. తుదకు రైతుకు మిగులునవి గుంటలు, పెంకులు మాత్రమే. కావున ఆ కుండ యెట్టిదో ముందుగా తెలిసికొనుట మంచిది.

సికిందరాబాదు చిలకలగూడకు కొలది దూరములోనే మౌలాలి, హస్మత్‌పేట కలవు. అచ్చట ఇనుప యుగపు సమాధులు బయల్పడినవి. వీనిచుట్టు పెద్దరాళ్ళను వలయముగా పేర్చుట వాడుక. పల్లెలలో ఇట్టి వానిని రాకాసిగుళ్ళందురు. వీనిలో సాధారణముగా నుండునవి కుండలు, ఎముకలు, ఇనుప పనిముట్లు. బంగారము బహు అరుదు.

గుర్తులు

1. లోపలను, మూతియొద్దను నలుపు, వెలుపల ఎరుపు గల కుండలు: రాళ్ళ వలయములో నున్నచో ఇనుప యుగపువి. కుండను బోర్లించి కాల్చుటచే గాలి తగులని భాగము నల్లబడునని చెప్పుదురు.

2. చక్రపు గీతలు లేక, చేతితో చేసిన బూడిదరంగు కుండలు: అంతకు పూర్వపు నవీన శిలాయుగపువి కావచ్చును. పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లా ఉట్నూరులో 1957లో ఆల్చిన్ పండితుడు త్రవ్వించిన బూడిదదిబ్బ ఈ కాలపుదే. పశువుల దొడ్లలోని పేడ కాలి ఆ దిబ్బ యేర్పడినది.

3. ఎర్రపూత గల నునుపు పాత్రలు, పెద్ద ఇటుకలు, సీసపు నాణెములు కలిసి దొరకినచో శాతవాహన కాలమును తలపవలెను. సంగారెడ్డి జిల్లా కొండాపూరు ఇందుకు ఉదాహరణము.

రంగు నొక్కదానినే నమ్మరాదు. ప్రక్కన నున్న వస్తువులే కాలమును నిర్ణయించును.

చేయవలసిన పనులు

పని ఆపి, కుండను కదపక, తహసీల్దారుకును, పురావస్తు శాఖకును తెలుపవలెను. లోని మట్టిని పారబోయరాదు, కుండను కడుగరాదు. మాడిన గింజలు మట్టిలో వేల యేండ్లు నిలుచును. దక్షిణాది నవీన శిలాయుగపు ఊళ్ళలో దొరకిన ఇట్టి గింజలవలననే, ఆనాటి రైతులు ఉలవలు, పెసలు, అండుకొర్రలు పండించిరని తెలిసినది. మన మెట్టసేద్యపు చరిత్ర ఆ మట్టిలోనే యున్నది.

గ్రామాధికారులు ఈ సంగతిని గ్రామసభలో చెప్పి, నిధులు చూపెదమని సొమ్ము గుంజువారి మాట నమ్మవద్దని రైతులను హెచ్చరింపవలెను.