నేల తడవని లీకు

రాజధానిలో ‘లీకు’ అన్న మాట వినబడగానే మంత్రివర్గ రహస్యాలో, పరీక్షల ప్రశ్నపత్రాలో పాఠకుల మనసులో మెదలడం సహజం. ఈ వారం నేను ప్రస్తావించదలచినది అటువంటిది కాదు. ఒక టాక్సీ ఇంజనులోని నీటికి సంబంధించినది. విషయం అల్పంగా తోచవచ్చును. కాని వేసవి వచ్చిందంటే మన తెలుగువారు ఎందరో ఢిల్లీలో రైలు దిగి, ఇక్కడి బాడుగ బండ్లలోనే బదరీ, కేదార యాత్రలకు బయలుదేరుతారు. వారి క్షేమం కొంతవరకు ఆ నీటి మీద ఆధారపడి ఉన్నది.

గుంటూరు నుంచి మా అక్కగారు, బావగారు బదరీనాథ్ యాత్రకు రావలసి ఉండగా, మా పేట టాక్సీ స్టాండులోని ఒక గఢ్వాలీ డ్రైవరుతో బేరం మాట్లాడాను. బయానా పుచ్చుకొనడానికి ముందే అతడు ఉన్న సంగతి చెప్పివేశాడు. “బాబూజీ, బండి నీళ్ళు తాగుతున్నది. వారానికి అర లీటరు తగ్గుతున్నది. నేల మీద మాత్రం ఒక్క చుక్క పడడం లేదు.” అంతకు ముందు చూపించిన వర్క్‌షాపువారు ఏ పరీక్షా చేయకుండానే హెడ్ గాస్కెట్ పోయిందని తీర్పు చెప్పి, అతని రెండు నెలల రాబడికి సమానమైన ఖర్చు లెక్క కట్టారట. యాత్రాకాలంలో గడించినదే అతని కుటుంబానికి ఏడాది పొడుగునా ఆధారం. ఇంజను విప్పి కూర్చుంటే ఆ గడింపు పోతుంది. విప్పకుండా కొండ ఎక్కితే ప్రాణాల మీదికి వస్తుంది.

ఎందువల్లనో వివరించవలసి ఉన్నది. ఋషీకేశం సముద్రమట్టానికి సుమారు 340 మీటర్ల ఎత్తున ఉంటే, బదరీనాథ్ సుమారు 3,100 మీటర్ల ఎత్తున ఉన్నది. నడుమ దారి దాదాపు 300 కిలోమీటర్లు. చిన్న గేర్లలో బరువు లాగే ఇంజనుకు వేడి హెచ్చు, ఎదురుగాలి తక్కువ. పైగా ఎత్తుకు పోయినకొద్దీ వాతావరణ పీడనం తగ్గి, బదరీలో మూత లేని గిన్నెలో నీరు సుమారు 90 డిగ్రీలకే మరుగుతుంది. ఇంజను పనిచేసే వేడి కూడ దాదాపు అంతే. నీటిని మరగనీయకుండా కాపాడేది రేడియేటరు మూతలోని స్ప్రింగు. అది లోపల చదరపు అంగుళానికి సుమారు 15 పౌన్ల అదనపు పీడనాన్ని నిలిపి, మరుగు స్థానాన్ని 20 డిగ్రీలకు పైగా పెంచుతుంది. రంధ్రం పెద్దదైతే పీడనమూ నిలవదు, నీరూ నిలవదు. అల్యూమినియం హెడ్ వేడికి వంకర పోతుంది. ఇందులో మరొక మోసమున్నది. నీటిమట్టం మరీ పడిపోయి, వేడిని కొలిచే సెన్సారు నీటికి తగలకుండా పోతే, ఇంజను మాడిపోతున్నా ముల్లు చల్లగానే చూపవచ్చును!

మోటారు విడిభాగాల బజారుగా పేరొందిన కశ్మీరీ గేటు సమీపంలో ఒక వృద్ధ ఉస్తాద్ ఉన్నాడని విని బండిని అక్కడికి తీసుకొనిపోయాము. ఆయన మొట్టమొదట చెప్పిన మాట నాకు బాగా నచ్చింది. “నీరు మాయం కాదు. ఎక్కడికి పోయిందో తెలిసేవరకు నేను పానా పట్టను.”

మొదట మూతను విడిగా పరీక్షించాడు. అది సరిగానే ఉన్నది. సాయంత్రం ఇంజను చల్లారిన పిమ్మట, మూత స్థానంలో చేతిపంపు బిగించి 15 పౌన్ల వరకు గాలి కొట్టి, రాత్రంతా వదలివేశాడు. తెల్లవారేసరికి ముల్లు సగానికి దిగింది. నేల మాత్రం పొడిగానే ఉన్నది. లీకు ఉన్నదని రుజువైంది; స్థలం తెలియలేదు.

తరువాత ముద్దాయిలను ఒక్కొక్కరినే విచారించాడు. నీరు లోపలికి చేరితే ఇంజను నూనె మజ్జిగలా తెల్లబడాలి, అలా జరుగలేదు. రేడియేటరు నోటి వద్ద నీలి ద్రావకంతో నిండిన గొట్టం నిలిపి ఇంజను నడిపించాడు. సిలిండరు లోని పొగ నీటిలో కలుస్తూ ఉంటే ఆ నీలం పసుపుగా మారుతుందట. అరగంటైనా మారలేదు. ఆ విధంగా హెడ్ గాస్కెట్ నిర్దోషిగా విడుదలైంది. వాటర్ పంపు కింది రంధ్రం పొడిగా ఉన్నది. ఉత్తరాది చలికి అవసరమైన హీటరు కారితే కాళ్ళ కింది తివాచీ తడవాలి, అద్దం లోపల జిడ్డు పొర కట్టాలి. ఆ రెండూ లేవు.

చివరకు అతినీలలోహిత కాంతిలో మెరిసే రంగును నీటిలో కలిపి, ముర్తల్ దాకా పోయి రమ్మన్నాడు. చీకటి పడ్డాక ప్రత్యేకమైన టార్చితో ఇంజను చుట్టూ వెతికాడు. ఇంజను వెనుక, చేయి దూరని సందులో, హీటరుకు నీరు మోసే ఇనుప గొట్టం మీద ఆకుపచ్చని గీత మెరిసింది. క్లాంపు కింద తుప్పు తిన్న సూదిబెజ్జం! అక్కడ నుంచి జారిన నీరు గేర్ బాక్సు గూటి మీది గుంటలో చేరి, ఇంజను వేడికి అక్కడే ఇగిరిపోతున్నది. నేల తడవకపోవడంలోని రహస్యం అదే.

ఒక గొట్టం, రెండు క్లాంపులు, సగం దినం కూలి. ఖర్చు అంతే. తుప్పుకు కారణం కూడ ఉస్తాదే చెప్పాడు. కూలెంట్ కొనే ఖర్చుకు వెరచి చాలామంది ఉప్పునీటి బోరింగు నీళ్ళే పోస్తారట. అసలైన కూలెంట్‌లో తుప్పును ఆపే మందులుంటాయి. అందులోని ఇథిలీన్ గ్లైకాల్‌ను నీటితో సమపాళ్ళలో కలిపితే సున్నాకు దిగువ సుమారు 37 డిగ్రీల వరకు గడ్డకట్టదు. అయితే అది తియ్యని విషం. పారబోసినచోట కుక్కలు నాకి మరణిస్తాయి; పిల్లలకు అందనీయరాదు. వేడి ఇంజను మూతను ఎన్నడూ తెరవరాదన్నది రెండవ హెచ్చరిక. ఎగజిమ్మే ఆవిరి ముఖాన్ని కాల్చివేస్తుంది.

ఆ బండి బదరీకి పోయి క్షేమంగా తిరిగి వచ్చింది. ట్యాంకులో నీటి గీత వెంట్రుకవాసి కూడ దిగలేదని డ్రైవరు చూపించాడు. ఆ యాత్రాకాలంలో అతనికి ఒక్క రోజు కూడ వృథా కాలేదు.

యాత్రికులు బాడుగ కుదుర్చుకొనేటప్పుడు ఏసీ ఉన్నదా, సీట్లు మెత్తగా ఉన్నాయా అని అడుగుతారు. రేడియేటరులో నీరు నిలుస్తున్నదా అని అడిగేవారు అరుదు. కొండదారి పట్టబోయే కుటుంబీకులు ఆ ఒక్క ప్రశ్న కూడ అడగాలి. ఉన్న లోపాన్ని దాచకుండా చెప్పే డ్రైవరు దొరికితే, వంద రూపాయలు ఎక్కువైనా అతనినే కుదుర్చుకోవాలి.