ప్రయోగశాలకును ఊయలకును నడుమ

1985-86 ప్రాంతమున ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థలో, రోటా వైరస్ సోకియు విరేచనముల పాలుగాని నవజాత శిశువులను మహారాజ్ కిషన్ భాన్ ప్రభృతులు గుర్తించిరి. ఆ పసికందులనుండి లభించిన 116ఇ అను వైరస్ రకమే హైదరాబాదు చెంత జీనోమ్ వ్యాలీలోని భారత్ బయోటెక్ చేతులలో రోటావాక్ టీకాగా రూపొంది, 2015 మార్చిలో విడుదలయ్యెను. నడుమ గడచినది ఇంచుమించు 30 ఏండ్లు. ఆ కాలమున శాస్త్రజ్ఞులు సాధించిన దానిని గూర్చి ఎందరో వ్రాసిరి. ఇన్నేండ్లు ఇందరిని ఒక పనిమీద నిలిపియుంచిన నిర్వహణను గూర్చి వ్రాసినవారు అరుదు. వైద్యపరిశోధనలో అదియు ఒక విద్యయే యని నా దృఢవిశ్వాసము.

భారత ప్రభుత్వపు బయోటెక్నాలజీ విభాగము, అమెరికాలోని జాతీయ ఆరోగ్య సంస్థలు, వ్యాధి నియంత్రణ కేంద్రము, స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయము, పాత్ అను లాభాపేక్ష లేని సంస్థ, గేట్స్ ఫౌండేషను, వీరందరును ఈ కార్యమున పాలుపంచుకొనిరి. ఒకరి చింత ఒకరికి పట్టదు: శాస్త్రజ్ఞుడు వైరస్ స్వభావమును, కర్మాగారము ప్రతి బ్యాచియు ఒక్కతీరుగా వచ్చుటను, అధికారి శిశువు క్షేమమును, దాత తానిచ్చిన ధనపు లెక్కలను చూచుకొందురు. ఎవరి పని ఎవరి పనికి ముందు జరుగవలెనో ఎరిగి, ఆ వరుసను అనుదినము కాపాడు వ్యక్తియే ప్రాజెక్టు మేనేజరు.

2011లో ఆరంభమైన మూడవ దశ పరీక్షనే తీసికొందము. ఢిల్లీ, వెల్లూరు, పుణె ప్రాంతములలో 6,799 మంది శిశువులను అందు చేర్చుకొనిరి. మువ్వురిలో ఇద్దరికి టీకా, ఒకరికి ప్లాసిబో. ఎవరికి ఏది ముట్టినదో తల్లికి గాని వైద్యునకు గాని తెలియరాదు. చేర్చుకొనునాటికి బిడ్డకు ఆరేడు వారముల వయస్సు ఉండవలె. అటుపై నాలుగేసి వారములకు తక్కువగాని యెడముతో మరి రెండు మోతాదులు. పసివాని వయస్సు ఏ కార్యాలయపు జాప్యమునకును ఆగదు. కావున ఆ బిడ్డ ఆరవ వారము దాటునాటికి టీకా తయారై, పరిశీలింపబడి, మైనస్ 20 డిగ్రీల శీతలము చెడకుండ కేంద్రమునకు చేరియుండవలె. అంతకుముందే డ్రగ్స్ కంట్రోలర్ అనుమతియు, ఎథిక్స్ కమిటీల ఆమోదమును లభించియుండవలె. ఆ ఆమోదము కొరకు తల్లికి అర్థమగు భాషలో సమ్మతిపత్రము సిద్ధమైయుండవలె. ఇంటింటికి వెళ్ళు కార్యకర్తలు శిక్షణ పొందియుండవలె. వారి జీతములకు వలయు సొమ్ము విడుదలయై యుండవలె. ఇందు ఏ ఒక్కటి పది దినములు వెనుకబడినను, ఆ పది దినములలో వయస్సు దాటిపోయిన బిడ్డలను మరల చేర్చుకొనుటకు వీలులేదు. ఏ పని ఆలస్యమైనచో తుదిగడువే వెనుకకు జరుగునో ముందుగా పసిగట్టుట ఈ విద్యలోని సారము.

విడువవలసిన దానిని విడుచుటయు ఇందు భాగమే. బెంగుళూరులో లభించిన ఐ321 అను మరియొక రకమును గూడ తొలుత పరీక్షించిరి. రోగనిరోధకశక్తిని పుట్టించుటలో 116ఇ మెరుగని తేలగా దానిని ప్రక్కన పెట్టిరి. ఏ ఫలితము వచ్చిన ముందుకు పోవలెనో, ఏది వచ్చిన ఆగవలెనో పరీక్షకు ముందే వ్రాసియుంచుకొనని బృందము మమకారమునకు లోబడును. అట్లు వ్రాయించి, ఆ సమయము వచ్చినపుడు గుర్తుచేయు ధైర్యము నిర్వాహకునకు ఉండవలె.

తీవ్రమైన రోటా విరేచనములను ఈ టీకా మొదటి సంవత్సరమున సుమారు 56 శాతము వరకు నివారించినట్లు తేలినది. 2016లో సార్వత్రిక టీకా కార్యక్రమమున దీనిని తొలుత ప్రవేశపెట్టిన నాలుగు రాష్ట్రములలో ఆంధ్రప్రదేశ్ ఒకటి.

ఇంతటి పనికి పూనుకొను బృందములలో సైతము ప్రాజెక్టు మేనేజరు ఉద్యోగము తరచుగా కాలపరిమితి గల కాంట్రాక్టుగానే యుండుట నన్ను బాధించుచున్నది. గ్రాంటు ముగిసిననాడే ఆయనయు వెడలిపోవును. ఏ ఆసుపత్రిలో ఏ అనుమతికి ఎన్నాళ్ళు పట్టినదో, ఏ కేంద్రమున శీతల పేటిక మొరాయించినదో, ఏ నిర్ణయమును ఏ కారణమున మార్చుకొనిరో తెలిసినవాడు లేక, తరువాతి దశను చేపట్టువారు పాత దస్త్రములను తిరుగవేయుచు నెలలు గడుపవలసి వచ్చుచున్నది.