తార్‌బహార్ యువతకు తెరుచుకున్న శిక్షణ ద్వారం

ఛత్తీస్‌గఢ్ రాష్ట్రంలోని బిలాస్‌పూర్ నగరంలో, రైల్వే స్టేషనుకు చేరువలో తార్‌బహార్ అనే పేట ఉన్నది. హిందీలో ‘తార్’ అంటే తీగ, ‘బాహర్’ అంటే వెలుపల. రైల్వే స్థలం చుట్టూ వేసిన తీగకంచెకు వెలుపలి పేట అని ఈ పేరుకు అర్థం చెప్పుకొనవచ్చును. కంచెకు లోపల రైల్వే వారి క్వార్టర్లు, షెడ్లు, కార్యాలయాలు; వెలుపల ఆ రైల్వేను నమ్ముకొని బ్రతికే కుటుంబాలు. వెలుపలి నుంచి లోపలికి పోవడానికి తరతరాలుగా ఉన్న దారులు గత పదేండ్లలో మారినవి. ఆ మార్పులో అప్రెంటిస్ శిక్షణ కల్పించిన అవకాశం ఎంత, దానికి ఉన్న పరిమితి ఎంత అన్నది ఇటువంటి పేటలలోని ప్రతి కుటుంబమూ తెలుసుకొనవలసిన విషయం.

తెలుగువారి రాక

బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ 1887లో ఏర్పడినది. 1891 నాటికి నాగపూర్ నుంచి అసన్‌సోల్ వరకు మార్గం పూర్తి అయినది. బిలాస్‌పూర్ ఈ మార్గంలోని జంక్షను. ఇదే కంపెనీ మార్గాలు తూర్పు తీరం వెంట వాల్తేరు వరకు వ్యాపించినవి. 1931లో రాయపూర్-విజయనగరం మార్గం పూర్తి కావడంతో ఉత్తరాంధ్రకు, ఛత్తీస్‌గఢ్ మైదానానికి నేరుగా రాకపోకలు ఏర్పడినవి. ఖర్గపూర్‌లో వలెనే బిలాస్‌పూర్ రైల్వే కాలనీలలో కూడ తెలుగు కుటుంబాలు స్థిరపడడానికి ఇదే నేపథ్యం. ఇంట తెలుగు, వీధిలో ఛత్తీస్‌గఢీ, బడిలో హిందీ, షెడ్డులో పనిముట్లకు ఇంగ్లీషు పేర్లు — ఈ నాలుగు భాషల మధ్య అక్కడి పిల్లలు పెరిగినారు. 2003లో ఆగ్నేయ మధ్య రైల్వే బిలాస్‌పూర్ కేంద్రంగా ఏర్పడిన తరువాత ఈ నగరానికి రైల్వేతో బంధం మరింత గట్టిపడినది.

మూసుకున్న పాత దారి

తండ్రి రైల్వేలో పని చేస్తే కొడుకుకు కూడ అక్కడే ఏదో ఒక పని దొరుకుతుందన్న ఆశ రైల్వే పట్టణాలలో చాల కాలం నిలిచినది. రైళ్ల భద్రతకు సంబంధించిన కొన్ని తరగతుల సిబ్బంది విషయంలో ఈ ఆశకు ఒక పథకం కూడ ఆధారమైనది. ముందుగానే పదవీ విరమణ చేసే డ్రైవర్ల, గ్యాంగ్‌మన్ల బిడ్డలకు ఉద్యోగం కల్పించే ఈ పథకం 2004లో ప్రారంభమై, 2010లో విస్తరించినది. ప్రభుత్వోద్యోగాలలో అందరికీ సమానావకాశం ఉండవలెనన్న రాజ్యాంగంలోని 16వ అధికరణానికి ఇది విరుద్ధమని 2016లో పంజాబ్-హర్యానా హైకోర్టు అభిప్రాయపడినది. 2017 అక్టోబరులో రైల్వే శాఖ పథకాన్ని నిలిపివేసినది.

దీనివలన రైల్వే కుటుంబాలకు కష్టం కలిగిన మాట నిజమే. అయితే రైల్వేలో బంధువు అంటూ ఎవరూ లేని మారుమూల పల్లె పిల్లవానికి కూడ ఆ ఉద్యోగంపై సమానమైన హక్కు ఉన్నదన్న సంగతిని కాదనలేము. పుట్టుకతో వచ్చే దారి మూసుకుపోయిన కాలంలోనే, పని నేర్చి ప్రవేశించే దారి వెడల్పు అయినది.

చట్టం, దాని విస్తరణ

అప్రెంటిస్ పద్ధతి మనకు కొత్త కాదు. మగ్గం వద్ద, కొలిమి వద్ద గురువు చేతికింద పని నేర్చిన శిష్యరికానికే ఇది చట్టరూపం. అప్రెంటిసుల చట్టం 1961లో వచ్చి 1962 నుంచి అమలైనది. 1973 సవరణతో ఇంజనీరింగు పట్టభద్రులు, డిప్లొమాదారులు, 1986 సవరణతో ఇంటర్మీడియెట్ స్థాయి వృత్తివిద్యార్థులు ఇందులో చేరినారు. అయినప్పటికి 2014 నాటికి దేశంలో సుమారు 4.9 లక్షల స్థానాలు ఉండగా, భర్తీ అయినవి 2.8 లక్షలు మాత్రమే.

ఆ సంవత్సరం డిసెంబరులో అమలుకు వచ్చిన సవరణలు పరిస్థితిని మార్చినవి. నియమం తప్పిన యజమానికి జైలుశిక్ష తొలగి జరిమానా మాత్రమే మిగిలినది. ఇంజనీరింగేతర పట్టభద్రులకు కూడ అవకాశం కలిగినది. 2016 ఆగస్టు 19న ప్రారంభమైన జాతీయ అప్రెంటిస్‌షిప్ ప్రోత్సాహక పథకం ప్రకారం నిర్ణీత భృతిలో నాలుగవ వంతును, నెలకు 1,500 రూపాయలకు మించకుండ, కేంద్ర ప్రభుత్వం భరిస్తుంది. 2019 నియమాలతో 30 మంది, అంతకు మించి సిబ్బంది గల సంస్థలు తమ సిబ్బందిలో 2.5 నుంచి 15 శాతం వరకు అప్రెంటిసులను చేర్చుకొనడం తప్పనిసరి అయినది. 2023 ఆగస్టు నుంచి ప్రభుత్వపు వాటా నేరుగా అప్రెంటిసు బ్యాంకు ఖాతాలో జమ కాసాగినది. ఫలితంగా 2023-24లో ఈ పథకం కింద చేరినవారి సంఖ్య 9 లక్షలు దాటినది.

బిలాస్‌పూర్‌లో అమలు

2025 ఆరంభంలో బిలాస్‌పూర్ డివిజను 835 మంది అప్రెంటిసుల కొరకు ప్రకటన వెలువరించినది. ఆ తరువాత ఇదే రైల్వేకు చెందిన రాయపూర్ డివిజను, అక్కడి వ్యాగన్ మరమ్మతు కార్ఖానా కలిసి 1,003 స్థానాలకు, నాగపూర్ డివిజను, మోతీబాగ్ కార్ఖానా కలిసి 1,007 స్థానాలకు ప్రకటించినవి. ఫిట్టరు, వెల్డరు, ఎలక్ట్రీషియన్, టర్నరు, వడ్రంగం మొదలైనవి ఇందులోని వృత్తులు.

పదవ తరగతి, ఐ.టి.ఐ. ఉత్తీర్ణులై, 15 నుంచి 24 ఏండ్ల మధ్య వయస్సు గలవారు అర్హులు. రాతపరీక్ష లేదు, పదవ తరగతి, ఐ.టి.ఐ. మార్కుల సగటుననుసరించి ఎంపిక జరుగుతుంది. శిక్షణ ఒక సంవత్సరం. ఏడాది ఐ.టి.ఐ. చదివినవారికి నెలకు 7,700 రూపాయలు, రెండేండ్లు చదివినవారికి 8,050 రూపాయలు భృతిగా ఇటీవలి ప్రకటనలలో పేర్కొన్నారు.

ఐ.టి.ఐ.లో ఇనుపముక్కను ఆకురాయితో సానపట్టడం నేర్చిన పిల్లవాడు ఇక్కడ నిజమైన వ్యాగన్ ముందు నిలబడతాడు. చక్రపు అంచు ఎంత అరిగినదో గేజితో కొలవడం, బ్రేకు గొట్టంలో గాలి ఎక్కడ కారుతున్నదో కనిపెట్టడం, తాను బిగించిన బోల్టుపై వందలాది మంది ప్రాణాలు ఆధారపడి ఉన్నవని గ్రహించడం — ఇవి పుస్తకం కంటె పెద్ద మేస్త్రీ పక్కన నిలిచి నేర్వవలసిన సంగతులు.

ఇక భృతి సంగతి. శిక్షణార్థులకు వసతిగృహ సౌకర్యం లేదు. తార్‌బహార్‌లో తల్లిదండ్రుల వద్ద ఉండి సైకిలుపై షెడ్డుకు పోయే యువకునికి 8,050 రూపాయలు ఇంటికి ఆసరా. అదే సొమ్ముతో దూరపు పల్లె నుంచి వచ్చిన యువకుడు గది అద్దె కట్టి, వంట చేసుకొని, నెల గడపవలె. మార్కులు సమానమైనా బరువు సమానం కాదు. 2025 మేలో కేంద్ర అప్రెంటిస్‌షిప్ మండలి భృతిని 36 శాతం పెంచవలెనని సిఫారసు చేయడానికి కారణం ఇటువంటి ఇబ్బందులే అనుకొనవచ్చును.

శిక్షణ ముగిసిన తరువాత

అప్రెంటిసు శిక్షణార్థి మాత్రమే, కార్మికుడు కాడని చట్టంలోని 18వ సెక్షను చెప్పుచున్నది. శిక్షణ ముగిసినంత మాత్రాన ఉద్యోగం ఇచ్చి తీరవలసిన బాధ్యత యజమానిపై లేదు. ఇతర అర్హతలు సమానమైనప్పుడు శిక్షణ పొందినవారికి ప్రాధాన్యం ఇవ్వవలెనని 1995లో ఉత్తరప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ కేసులో సుప్రీంకోర్టు సూచించినది. రైల్వే శాఖ మొదటి స్థాయి ఉద్యోగాలలో 20 శాతాన్ని తన సంస్థలలో శిక్షణ పూర్తి చేసినవారికి కేటాయించినది. 2018లో ప్రకటించిన 63,202 పోస్టులలో 12,504, 2019లో ప్రకటించిన 1,03,769 పోస్టులలో 20,734 వీరికై ఉంచినవి. అయితే రాతపరీక్ష నెగ్గవలె. ఈ వాటా చాలదని, పరీక్ష లేకుండ ఉద్యోగం ఇవ్వవలెనని కోరుచు 2018 మార్చి 20న ముంబయిలో శిక్షణ పూర్తి చేసిన యువకులు రైళ్లను ఆపివేసినారు. ఆ పద్ధతిని సమర్థించినా, సమర్థించకపోయినా, ఏడాది పాటు రైలు చక్రాల మధ్య పనిచేసి ఇంటికి తిరిగి వచ్చిన యువకుని నిరాశను అర్థం చేసుకొనవలె.

కాబట్టి శిక్షణలో చేరేవారు మొదటి రోజు నుంచే కొన్ని సంగతులు గుర్తుంచుకొనడం మంచిది. చివర జరిగే అఖిల భారత వృత్తి పరీక్ష తప్పిపోరాదు. దానిలో నెగ్గినవారికి లభించే జాతీయ అప్రెంటిస్‌షిప్ ధ్రువపత్రం దేశమంతటా చెల్లుతుంది. శిక్షణ సాగుచుండగానే ఉద్యోగ పరీక్షలకు చదువుకొనవలె. ఎంపిక మార్కులపై జరుగుతుంది గనుక మధ్యవర్తులకు సొమ్ము ముట్టజెప్పరాదు. రైల్వే ఒక్కటే గమ్యమని భావించరాదు. ఆగ్నేయ బొగ్గు గనుల సంస్థ ప్రధాన కార్యాలయం బిలాస్‌పూర్‌లోనే ఉన్నది. సీపత్ విద్యుత్ కేంద్రం సమీపంలోనే ఉన్నది. చేతిలో పని ఉన్న వెల్డరుకు విశాఖపట్నంలో గాని, భిలాయిలో గాని భాష అడ్డు కాదు.

ఒకనాడు విజయనగరం వైపు నుంచి రైలెక్కి వచ్చిన తాతలకు ఏ ధ్రువపత్రమూ లేదు. చేతులలోని పనే వారికి పరిచయపత్రం. మనుమలకు ఇప్పుడు పని నేర్పే ఏర్పాటు, దానిని నిరూపించే పత్రం రెండూ ఉన్నవి. శిక్షణకూ ఉద్యోగానికీ మధ్య మిగిలిన దూరాన్ని తగ్గించగలిగిన నాడు తార్‌బహార్‌లోని కంచె పేరులో మాత్రమే మిగులుతుంది.